తిథి చూసుకుని బయల్దేరండి: హిమాలయాల్లో బౌద్ధ పండుగలు

లద్దాఖ్‌లోని హెమిస్ గొంపా (బౌద్ధ మఠం) ఉత్సవం 2023లో జూన్ 28, 29 తేదీల్లో జరిగింది. 2024లో జూన్ 16, 17న. 2025లో జులై 5, 6న. లీవు పెట్టుకుని, ఫ్లైట్ టికెట్లు చూసుకుని వెళ్దామనుకునేవాళ్ళకి ఇది పెద్ద టెన్షన్. ఒక ఏడాది పన్నెండు రోజులు ముందే వచ్చేస్తుంది, తర్వాతి ఏడాది పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. ట్రావెల్ ఏజెంటుని అడిగితే "అది వాళ్ళ క్యాలెండర్ సార్, అంతే" అని తేల్చేస్తాడు.

ఆ తేదీల పక్కన మన గోడ మీది తెలుగు క్యాలెండర్ పెట్టి చూడండి. 2023 జూన్ 28 ఆషాఢ శుద్ధ దశమి, మర్నాడు తొలి ఏకాదశి. 2024 జూన్ 16 జ్యేష్ఠ శుద్ధ దశమి. 2025 జులై 5 మళ్ళీ ఆషాఢ శుద్ధ దశమి, మర్నాడు తొలి ఏకాదశి. ఇంగ్లిష్ తేదీ ఎటు జరిగినా దశమి మాత్రం తప్పలేదు. అసలు లెక్క అంతా అక్కడే ఉంది. హిమాలయాల్లో బౌద్ధ పండుగ ఎప్పుడొస్తుంది, ఏ దేవతది, అక్కడ ఏం చూస్తాం, ఎంత చలిలో చూస్తాం అన్నవి చాలావరకు తిథిని పట్టుకుంటే తెలిసిపోతాయి. దసరా, దీపావళి తేదీల కోసం పంచాంగం తిరగేసే అలవాటున్న మనకు ఇది కొత్త విద్యేమీ కాదు.

టిబెటన్ నెల పాడ్యమితో మొదలై అమావాస్యతో ముగుస్తుంది, మన తెలుగు నెలలాగే. ఉత్తరాదిలో పౌర్ణమితో నెల ముగిస్తారు కాబట్టి వాళ్ళకి కాస్త తికమక ఉండొచ్చు గానీ మనకు లేదు. పక్షాలుగా విడగొట్టకుండా ఒకటి నుంచి ముప్పై వరకు వరసగా లెక్కపెడతారు, తేడా అంతే. పదో రోజంటే శుద్ధ దశమి, పదిహేనంటే పౌర్ణమి, ఇరవై తొమ్మిదంటే బహుళ చతుర్దశి. మనకు తిథి క్షయం, తిథి వృద్ధి ఉన్నట్టే అక్కడ కూడా ఒక తేదీ ఎగిరిపోతుంది, ఇంకో తేదీ రెండుసార్లు వస్తుంది. నెల మధ్యలో "ఈ నెలలో పన్నెండు లేదు" అని అక్కడి క్యాలెండర్‌లో కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు.

ఈ పోలిక ఊరికే రాలేదు. టిబెటన్ కాలగణనకు ఆధారం కాలచక్ర తంత్రం. భారతదేశం నుంచి పదకొండో శతాబ్దంలో టిబెట్ చేరిన గ్రంథమది. దాని ప్రకారం 1027తో మొదలుపెట్టి అరవయ్యేసి ఏళ్ళ చక్రాలు లెక్కపెడుతున్నారు. ఇప్పుడు నడుస్తున్న పదిహేడో చక్రం 1987లో మొదలైంది. మన ప్రభవ నామ సంవత్సరం మొదలైంది కూడా 1987 ఉగాదికే. రెండు లెక్కలకూ మూలం ఒకటే.

ఇంకో సంగతి మన గడప దగ్గరిదే. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గర, విన్నది శంభల రాజు సుచంద్రుడు అని టిబెటన్ల నమ్మకం. ధాన్యకటకం అంటే మన అమరావతి. 2006 జనవరిలో దలైలామా 30వ కాలచక్ర దీక్షను అమరావతిలో ఇవ్వడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో గుంటూరు జిల్లా రోడ్ల మీద ఎర్ర వస్త్రాల లామాల్ని చూసి ఆశ్చర్యపోయినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చరిత్రకారులు మాత్రం కాలచక్ర తంత్రం బుద్ధుడి కాలానిది కాదని, ఆయన తర్వాత ఎన్నో శతాబ్దాలకు రూపుదిద్దుకుందని అంటారు. నమ్మకం నమ్మకమే, చరిత్ర చరిత్రే. కానీ ఒక లద్దాఖీ రైతు తన ఊరి పండుగకి తేదీ చూసుకునే క్యాలెండర్ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉందని అక్కడివాళ్ళు నమ్ముతారంటే, అమరావతిని మనం చూసే చూపు కాస్త మారాలి.

తిథి కలుస్తోంది సరే, నెల ఎందుకు ఒక్కోసారి ఆషాఢం, ఒక్కోసారి జ్యేష్ఠం అవుతోంది? కారణం అధిక మాసం. చాంద్రమానాన్ని సూర్యుడితో కలపడానికి మనమూ ఒక నెల కలుపుతాం, వాళ్ళూ కలుపుతారు. కానీ ఇద్దరూ ఒకే చోట కలపరు. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, వాళ్ళు ఆ నెల వేరేచోట కలుపుకున్నారు. అందుకే హెమిస్ ఉత్సవం జరిగే వాళ్ళ అయిదో నెల ఒక ఏడు మన జ్యేష్ఠంతోనూ ఒక ఏడు ఆషాఢంతోనూ కలుస్తుంది.

దీనివల్ల దెబ్బతినేది బుద్ధ పూర్ణిమకి వెళ్దామనుకునేవాళ్ళు. టిబెటన్ బౌద్ధులకు నాలుగో నెల మొత్తం పవిత్రం. దాన్ని సాగా దావా అంటారు. ఆ నెల పౌర్ణమి బుద్ధుడికి జ్ఞానోదయమైన రోజు, మహాపరినిర్వాణం పొందిన రోజు. అది మన వైశాఖ పౌర్ణమితో కలవాలిగా? 2024లో కలిసింది, రెండూ మే 23నే వచ్చాయి. 2025లో కలవలేదు. మన ప్రభుత్వ సెలవు మే 12న వస్తే, గ్యాంగ్‌టక్‌లో లామాలు బౌద్ధ గ్రంథాల్ని తలమీద పెట్టుకుని ఊరేగించే సాగా దావా పౌర్ణమి జూన్ 11న వచ్చింది. మే నెల సెలవు చూసుకుని సిక్కిం వెళ్ళినవాళ్ళకి ఆ ఊరేగింపు దొరకదు.

భూటాన్‌ది ఇంకో లెక్క. టిబెటన్ పద్ధతికి దగ్గరిదే గానీ అధిక మాసం దగ్గరా తేదీల దగ్గరా అప్పుడప్పుడు వేరుపడుతుంది. ఒక్కోసారి ఒక రోజు తేడా, ఒక్కోసారి ఒక నెల. లద్దాఖ్‌వాళ్ళు మరీ విచిత్రంగా సంవత్సరాది పండుగ లోసర్‌ని టిబెటన్లకన్నా రెండు నెలలు ముందే, సాధారణంగా డిసెంబర్‌లో చేసుకుంటారు. పదిహేడో శతాబ్దం మొదట్లో రాజు జమ్యాంగ్ నమ్‌గ్యాల్ బాల్టిస్తాన్ మీదికి దండెత్తాలనుకున్నాడట. కొత్త ఏడు రాకముందు యుద్ధానికి వెళ్తే కీడన్నారు పెద్దలు. సరే, పండుగే ముందు చేసేద్దామన్నాడట రాజు. జరిగింది అలాగే అని రుజువు చేయలేం గానీ అక్కడ ఎవర్ని అడిగినా చెప్పే కథ ఇదే.

కాబట్టి టూరిజం వెబ్‌సైట్లో రెండేళ్ళ తర్వాతి తేదీ కనిపిస్తే దాన్ని నమ్మి నాన్-రిఫండబుల్ టికెట్ కొనకండి. ధర్మశాలలోని మెన్-త్సీ-ఖాంగ్ అనే టిబెటన్ వైద్య, జ్యోతిష సంస్థ ఏటా క్యాలెండర్ ప్రచురిస్తుంది. మొదట తిథి చూసుకోవాల్సింది అక్కడ. ఆ తర్వాత ఆ ఊళ్ళో హోమ్‌స్టే నడిపేవాళ్ళకి ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. గొంపావాళ్ళు చివర్లో ఒక రోజు అటూఇటూ జరిపినా ముందు తెలిసేది వాళ్ళకే.

ఇక ఏ తిథికి ఏం జరుగుతుంది?

పదో రోజు గురు పద్మసంభవుడిది. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌లో తాంత్రిక బౌద్ధాన్ని నిలబెట్టిన గురువుగా ఆయన్ని కొలుస్తారు. హిమాలయాల ప్రజలు గురు రిన్‌పోచే అంటారు, బుద్ధుడి తర్వాత బుద్ధుడంతటివాడని భావిస్తారు. పేరులో త్సేచూ అని ఉంటే అది మామూలుగా పదో రోజు పండుగ. హెమిస్ త్సేచూ, లేహ్ దగ్గరి స్తోక్ గురు త్సేచూ, భూటాన్‌లోని థింపూ త్సేచూ అన్నీ ఈ కోవలోవే. పారో త్సేచూ మాత్రం పదకొండో రోజు నుంచి పౌర్ణమి వరకు సాగుతుంది. రంగులు, వేషాలు, పెద్ద తెర చిత్రాలు, జనసందోహం ఎక్కువగా ఉండేవి ఇవే.

ఇరవై తొమ్మిదో రోజు ధర్మపాలురది, అంటే ధర్మాన్ని కాపాడే ఉగ్రమూర్తులది. మనకు అది బహుళ చతుర్దశి, నెలనెలా వచ్చే మాస శివరాత్రి. చంద్రుడు దాదాపు కనిపించని ఆ రాత్రిని ఉగ్రదేవతలకి కేటాయించడంలో ఆశ్చర్యం లేదు. పేరులో గుస్తోర్ అని ఉన్నవి ఇలాంటివే. వీటి ఉద్దేశం పాత ఏడాది కీడంతా ఊరి పొలిమేర దాటించడం. లేహ్ విమానాశ్రయం పక్కనే గుట్ట మీదున్న స్పితుక్ గొంపాలో పదకొండో నెల గుస్తోర్ సాధారణంగా జనవరిలో వస్తుంది. లేహ్‌లోనే దోస్మోచే పన్నెండో నెల చివర, ఫిబ్రవరి ప్రాంతంలో. అక్కడ కర్రలకి రంగు దారాలు అల్లిన నిర్మాణాన్ని ఊరి బయటికి తీసుకెళ్ళి నాశనం చేస్తారు. పట్టుకున్న పీడలన్నీ దాంతో పోతాయని నమ్మకం.

పౌర్ణమి పండుగలు బుద్ధుడివి, ఎక్కువగా నెమ్మదైనవి. ఉపవాసాలు, ప్రదక్షిణలు, దీపాలు. ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. సిక్కింలో తాషిదింగ్ గొంపా బుమ్‌చూ మాత్రం వేరే రకం. మొదటి నెల పౌర్ణమి సమయంలో ఏడాదిగా సీలు వేసి ఉంచిన నీటి కుండని తెరుస్తారు. నీళ్ళు ఎంత ఉన్నాయో, ఎలా ఉన్నాయో చూసి రాబోయే ఏడు ఎలా ఉంటుందో చెప్తారు. ఆ పవిత్ర జలం కోసం భక్తులు రాత్రంతా వరసలో నిలబడతారు.

పండుగలు ఎక్కువగా చలికాలంలో ఉండటానికి కారణం వ్యవసాయం. లద్దాఖ్‌లో ఏడాదికి ఒకటే పంట, పొలం పని నాలుగైదు నెలలే. మంచు కురిసే నెలల్లో జనానికి తీరిక, ధాన్యం ఇంటికొచ్చి ఉంటుంది, పండుగ అప్పుడే. పర్యాటకులకి తీరిక వేసవిలో. ఈ రెండిటి మధ్య ఘర్షణ ఎప్పుడో మొదలైంది. కొన్ని గొంపాలు తమ ఉత్సవాన్ని చలికాలం నుంచి వేసవికి మార్చుకున్నాయి. విరాళాలు వస్తాయి, గొంపా మరమ్మతులకి పనికొస్తాయి. పొలంలో పని వదిలి రాలేని ఊరివాళ్ళకి మాత్రం అది నష్టమే. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కట్టెలు, కిరోసిన్ ఖర్చు ఎవరు భరిస్తారో వాళ్ళే తేల్చుకోవాల్సిన విషయమిది. ఏటా సెప్టెంబర్‌లో జరిగే "లద్దాఖ్ ఫెస్టివల్" మాత్రం వేరే సంగతి. అది పర్యాటక శాఖ నడిపే సాంస్కృతిక కార్యక్రమం. అందులో ముసుగు నృత్యాలూ ఉంటాయి, పోలో ఆటా ఉంటుంది. చూడొచ్చు, బాగుంటుంది. కానీ అది చూసి గొంపా పండుగ చూశామనుకోకూడదు.

ఇక ముసుగు నృత్యం. దాని పేరు ఛామ్. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. సినిమాల్లో, రీల్స్‌లో ముప్పై సెకన్లు చూసి వస్తారు. ఇక్కడికొస్తే ఎర్ర వస్త్రాల మీద పట్టు దుస్తులు వేసుకున్న లామాలు మెట్లు దిగి, అంగణంలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంటారు. ఒక కాలు ఎత్తుతారు, ఆగుతారు, తిరుగుతారు. తాళాలు మోగుతాయి, మనిషి కన్నా పొడవున్న ఇత్తడి కొమ్ములు ఊదుతారు. అరగంట గడిచినా ఇదే. పదిన్నరకల్లా పర్యాటకులు సగం మంది ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

ఎందుకిలా అంటే ఛామ్ మన కోసం చేసే ప్రదర్శన కాదు. అంగణంలో మనం చూసేది కార్యక్రమం చివరి భాగం మాత్రమే. అంతకుముందు కొన్ని రోజులుగా గర్భాలయంలో తలుపులు వేసుకుని పూజలు, మంత్ర జపాలు జరుగుతుంటాయి. వేసిన ముసుగు ఏ దేవతదో ఆ దేవతగా తనను తాను భావించుకోవడం ఆడే లామా సాధన. ఆ అడుగుల వేగం ధ్యానం వేగం. నేపాల్‌లో ఎవరెస్టు దారిలో 3,860 మీటర్ల ఎత్తున ఉన్న తెంగ్‌బోచే గొంపా మణి రిమ్‌దూ అయితే మొత్తం 19 రోజుల క్రతువు. జనం చూసేది అందులో మూడు రోజులే.

టిబెటన్ల సంప్రదాయం ప్రకారం మొదటి ఛామ్ ఆడింది పద్మసంభవుడే. సమ్యే దగ్గర టిబెట్ మొదటి మఠం కడుతుంటే స్థానిక శక్తులు పగలు కట్టింది రాత్రి కూల్చేస్తుండేవట. ఆయన వజ్ర నృత్యం చేసి వాటిని లొంగదీసుకున్నాడు. చంపలేదు, ధర్మాన్ని కాపాడతామని మాట తీసుకున్నాడు. గొంపా గోడల మీద కోరలు, పుర్రెల దండలతో కనిపించే భయంకర మూర్తులు చాలావరకు ఇలా లొంగిపోయినవాళ్ళే. వాళ్ళని "దయ్యాలు" అని పిలిచి గైడ్ మనసు కష్టపెట్టకండి.

కథ తెలిస్తే నృత్యం చూడటం తేలికవుతుంది. వెడల్పు చేతుల అంగీలు, పెద్ద నల్లటోపీలు పెట్టుకుని ముసుగు లేకుండా ఆడేవాళ్ళు దాదాపు ప్రతి ఛామ్‌లోనూ కనిపిస్తారు. దీని వెనక చెప్పే కథ 842 నాటిది. బౌద్ధాన్ని అణచివేస్తున్న రాజు లాంగ్‌దర్మాను ల్హాలుంగ్ పెల్గ్యీ దోర్జే అనే భిక్షువు చంపాడు. నల్లటోపీ, వెడల్పు చేతుల అంగీ వేసుకుని, అందులో విల్లు దాచుకుని రాజు ముందు నాట్యం చేస్తూ బాణం వేశాడని కథ. తెల్లగుర్రానికి మసి పూసుకొచ్చాడట. పారిపోతూ నది దాటేసరికి మసి కడుక్కుపోయి గుర్రం తెల్లబడింది, వెంటాడినవాళ్ళు పోల్చుకోలేకపోయారు. అహింసను బోధించే మతంలో ఒక భిక్షువు చేసిన హత్యను ఏటా తలచుకోవడమేమిటి అని మీకు అనిపిస్తే, ఆ ప్రశ్న బౌద్ధులూ వేసుకున్నదే. రాజు మూటగట్టుకుంటున్న పాపం నుంచి అతణ్ణి తప్పించడానికి కరుణతో చేసిన పని అని వాళ్ళు సమాధానం చెప్తారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మన ఇష్టం.

హెమిస్‌లో ఎక్కువమంది ఎదురుచూసేది పద్మసంభవుడి ఎనిమిది రూపాల కోసం. శాంతంగా, రాజుగా, భిక్షువుగా, ఉగ్రుడిగా ఒక్కో రూపానికి ఒక్కో ముసుగు. ప్రధాన రూపానికి పైన గొడుగు పట్టుకొస్తారు, ముసలివాళ్ళు లేచి దండం పెట్టుకుంటారు. ఆ క్షణంలో మీరూ లేచి నిలబడటం మర్యాద.

చాలా ఛామ్‌లలో ఆఖరికి వేయించిన బార్లీ పిండితో చేసిన మనిషి బొమ్మ ఒకటి అంగణంలోకి వస్తుంది. నల్లటోపీ నాయకుడో ఉగ్రమూర్తి ముసుగు వేసుకున్న లామానో దాన్ని కత్తితో ముక్కలు చేసి నలువైపులా విసురుతాడు. ఆ బొమ్మ శత్రువు అని గైడ్లు చెప్తుంటారు. శత్రువు ఎవరంటే అహం, అజ్ఞానం. ఈ ఘట్టం చూడకుండా మధ్యాహ్నం భోజనానికి లేహ్ వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. క్లైమాక్స్ ముందు థియేటర్ నుంచి లేచిపోయినట్టే అది.

మధ్యమధ్యలో అస్థిపంజరం వేషాల కుర్రాళ్ళు, విదూషకులు వచ్చి గోల చేస్తారు. భూటాన్‌లో ఈ విదూషకుల్ని అత్సరా అంటారు. ఎర్రని ముసుగు, పొడుగు ముక్కు, చేతిలో చెక్కతో చేసిన లింగం. పెద్దమనుషులని కూడా చూడకుండా ఆటపట్టిస్తారు. పిల్లలతో వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ కాస్త ఇబ్బంది పడటం సహజం. అది అశ్లీలం కాదు, దిష్టి తీయడం, నవ్వించడం రెండూ వాళ్ళ పనే. పనిలో పనిగా జనాన్ని అదుపు చేసేది, నృత్యం చేసేవాళ్ళ ముసుగు జారితే సర్దేది కూడా వాళ్ళే.

తెర చిత్రాల సంగతి కూడా తెలుసుకోవాలి. గొంపా గోడంత పెద్ద థంకాని కొన్ని పండుగల్లో విప్పుతారు. దాన్ని చూస్తే చాలు, పాపాలు పోతాయని నమ్మకం. పారో త్సేచూలో ఆఖరి రోజు తెల్లవారుజామున, ఎండ తగలకముందే దాన్ని విప్పి చుట్టేస్తారు. ఎనిమిదింటికి టిఫిన్ చేసి నెమ్మదిగా వెళ్తే ఖాళీ గోడ కనిపిస్తుంది. హెమిస్‌లో ఏటా కనిపించేది ఒకటి, పన్నెండేళ్ళకోసారి, టిబెటన్ లెక్కలో కోతి పేరున్న మర్కట సంవత్సరంలో విప్పే పెద్ద థంకా ఇంకొకటి. అది 2004లో, 2016లో విప్పారు, ఇక 2028లో విప్పాలి.

చూసినంత మాత్రాన పుణ్యమన్న ఈ నమ్మకం వల్లే పర్యాటకుల సమస్య మరీ చిక్కుపడింది. ఇక్కడ ప్రేక్షకుడు కూడా క్రతువులో భాగమే. అందుకే గొంపావాళ్ళు సాధారణంగా బయటివాళ్ళని రానిస్తారు, చూడనిస్తారు. కానీ అదే కారణంతో, ముందు వరసలో ట్రైపాడ్ పెట్టి వెనకున్న అవ్వకి కనపడకుండా చేస్తే ఆమె ఫొటోకే కాదు, పుణ్యానికే అడ్డం నిలబడ్డట్టు. తెల్లవారుజామున మూడు గంటల దారి నడిచి వచ్చిన మనిషి కావచ్చు ఆమె. మర్యాదలన్నీ దీన్నుంచే పుడతాయి. నృత్యం జరిగే అంగణంలోకి అడుగు పెట్టొద్దు. ఫ్లాష్ వద్దు, డ్రోన్ అసలే వద్దు. కొమ్ములు ఊదేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ మధ్య నుంచి దాటొద్దు. స్తూపాల్నీ ప్రార్థన చక్రాల్నీ కుడివైపు ఉంచుకుని తిరగాలి, మన గుళ్ళో ప్రదక్షిణలాగే. గర్భాలయంలో చెప్పులు, టోపీ తీయాలి. లోపల ఫొటో తీయాలంటే అడగాలి, వద్దంటే కారణం అడక్కూడదు. కూర్చున్నప్పుడు కాళ్ళు విగ్రహం వైపు చాపొద్దని తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మఠో గొంపా గురించి విడిగా చెప్పాలి. లేహ్‌కి దగ్గర్లోనే ఉంది, టిబెటన్ బౌద్ధ శాఖల్లో ఒకటైన సాక్యా సంప్రదాయానిది. మొదటి నెల 14, 15 తిథుల్లో అక్కడ మఠో నాగ్‌రాంగ్ జరుగుతుంది, ఇంగ్లిష్ లెక్కలో ఫిబ్రవరి, మార్చి. నెలల తరబడి ఏకాంత ధ్యానంలో ఉన్న ఇద్దరు భిక్షువుల మీదికి రోంగ్‌త్సన్ అనే దేవతలు పూనుతారు. కళ్ళకి గంతలు కట్టుకుని గొంపా పిట్టగోడల అంచున పరుగెత్తుతారు, రాబోయే ఏడాది గురించి జనానికి చెప్తారు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుళ్ళో బోనాల మర్నాడు రంగం చూసినవాళ్ళకి ఇక్కడి జనం ముఖాల్లో భయభక్తులు కొత్తగా అనిపించవు. స్తోక్ గురు త్సేచూ అదే నెల 9, 10 తిథుల్లో వస్తుంది. అంటే ఒకే ప్రయాణంలో రెండూ చూడొచ్చు, మధ్యలో ఎత్తుకి ఒళ్ళు అలవాటుపడటానికి మూడు రోజులు దొరుకుతాయి. ఓపికా చలిబట్టలూ ఉన్నవాళ్ళకి హెమిస్‌కన్నా నేను చెప్పేది ఇదే. హెమిస్ వేసవి రద్దీలో, హోటల్ రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు వస్తుంది. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు హెమిస్‌కే వెళ్ళాలి. ఫిబ్రవరి రాత్రుల్లో లేహ్ ఉష్ణోగ్రత సున్నాకి బాగా దిగువకి పోతుంది, పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి.

ఎత్తు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. లేహ్ సుమారు 3,500 మీటర్లు. హైదరాబాద్‌లో రాత్రి బయల్దేరి ఢిల్లీ మీదుగా పొద్దున్నే లేహ్‌లో దిగి, అదే రోజు పండుగకి పరుగెత్తితే తలనొప్పి, వాంతులు ఖాయం అనుకోండి. కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, మూడో రోజు పండుగ వచ్చేలా టికెట్ తీసుకోవాలి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే మరీ ముఖ్యం. త్సో మొరిరి సరస్సు ఒడ్డున కొర్జోక్ గుస్తోర్ అందమైన పండుగే గానీ అది సుమారు 4,500 మీటర్ల ఎత్తు. లేహ్‌లో ఒళ్ళు కుదుటపడ్డాకే అటు వెళ్ళాలి. ఊపిరి ఆడకపోవడం, అడుగులు తడబడటం కనిపిస్తే పండుగ మానేసి కిందికి దిగిపోవడమే వైద్యం.

పర్మిట్ల దగ్గర మన ఇళ్ళల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. అమ్మానాన్నలది భారత పాస్‌పోర్టు, కొడుకూ కోడలిది అమెరికా పాస్‌పోర్టు. భూటాన్‌లో భారతీయులు పర్యాటక రుసుము కింద రాత్రికి 1,200 రూపాయలు కడతారు, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు 100 డాలర్లు. ఒకే గదిలో పడుకున్నా లెక్క వేరు. భారతీయులకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, ఆధార్ మాత్రం పనికిరాదు. అరుణాచల్‌కి భారతీయులు ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, విదేశీ పాస్‌పోర్టువాళ్ళకి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, వేరే అనుమతి కావాలి. లద్దాఖ్‌లో హెమిస్, స్పితుక్, మఠోలకి ఎవరికీ పర్మిట్ అక్కర్లేదు. కొర్జోక్ వైపు వెళ్ళాలంటే విదేశీయులకి కావాలి.

భూటాన్ ఖరీదే గానీ కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి సుఖం. పారో సుమారు 2,200 మీటర్లే, ఎత్తు సమస్య తక్కువ. త్సేచూ అక్కడ ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని, క్యారేజీల్లో భోజనాలు తెచ్చుకుని రోజంతా గడిపే పండుగ. మగవాళ్ళు ఘో, ఆడవాళ్ళు కిరా వేసుకుంటారు. మనం షార్ట్స్‌తో వెళ్తే లోపలికి రానివ్వరు. చీరా, పంచే అయితే అందరూ ముచ్చటగా చూస్తారు.

జనం తక్కువున్న చోటు కావాలంటే అరుణాచల్‌లోని తవాంగ్. అక్కడి గొంపా 1680-81 నాటిది, సుమారు 3,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి మోన్పా తెగవాళ్ళ పదకొండో నెలలో 28 నుంచి మూడు రోజులు తోర్గ్యా జరుగుతుంది, సాధారణంగా జనవరిలో. మూడేళ్ళకోసారి దాన్నే ఇంకా పెద్దగా దుంగ్యుర్ పేరుతో చేస్తారు. ఇదివరకు జనవరిలో తవాంగ్ అంటే సెలా కనుమ మంచుతో మూసుకుపోయి దారిలోనే చిక్కుకుపోయే ప్రమాదం ఉండేది. 2024 మార్చిలో సెలా సొరంగం తెరిచాక ఆ భయం చాలావరకు తగ్గింది. గువాహటి నుంచి కారులో మధ్యలో ఒక రాత్రి దిరాంగ్‌లోనో బొమ్‌దిలాలోనో ఆగి వెళ్ళాలి. గదుల్లో హీటర్ ఉందో లేదో, కరెంటు పోతే ఏం చేస్తారో బుక్ చేసేటప్పుడే అడగండి. మూడు రోజుల పండుగకి అయిదు రోజులు చేతిలో పెట్టుకుంటే మంచిది, కొండ దారిలో ఎక్కడ రాయి జారిపడుతుందో ఏ పంచాంగమూ చెప్పలేదు.